పులి–మేక డైరీ: పాత ఫోన్లో బ్యాటరీ తినకుండా, చూపు లేనివాళ్ళూ ఆడేలా

పులి–మేక ఆట (మా ఇంట్లో పులిజూదం అనేవాళ్ళు, పులులు మేకల మీదుగా దూకి కొడతాయి, మేకలు పులుల్ని కదలకుండా కట్టేస్తాయి) గోడో ఇంజిన్‌లో (ఆటలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) గతేడాదే చేసేశా. ఆడడానికి బానే ఉంది కానీ పది నిమిషాలకే ఫోన్ వేడెక్కేది, 2 జీబీ ర్యామ్ ఫోన్లలో తెరుచుకునేదే కాదు, చూపు లేని ఒక అన్న "ఇందులో నాకేముంది తమ్ముడూ" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏం లేదు. ఈ మూడూ సరిచేయడానికి ఐదు నెలలుగా ఏం చేశానో, ఎక్కడ దెబ్బతిన్నానో ఇక్కడ రాస్తున్నా. గోడో 4 వాడేవాళ్ళు ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నా రెండు నెలలు వాళ్ళకి మిగలాలి, అదే నా ఉద్దేశం.

పెద్ద కంపెనీలు ఈ పని చేయట్లేదని కాదు. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం తోడ్పాటుతో ప్లేయింగ్ ఫర్ ద ప్లానెట్ అని గేమ్ కంపెనీల కూటమి పెట్టారు, 2023లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఎక్స్‌బాక్స్ ఆటలు ఎంత కరెంటు తింటున్నాయో కొలిచే టూల్స్ డెవలపర్లకి ఇచ్చారు. చేతులు సరిగ్గా కదలని వాళ్ళ కోసం ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ 2018లో, సోనీ యాక్సెస్ కంట్రోలర్ 2023లో వచ్చాయి. మంచి పనులే. కానీ మన దగ్గర చాలామందికి ఆట అంటే ఫోనే, అదీ ఇంట్లో ఇంకొకరు వాడి వదిలేసిన ఫోను. ఆ ఫోన్లో నడవని ఆటకి ఎన్ని ఆప్షన్లు పెట్టినా వాళ్ళదాకా చేరదు.

స్టేజ్ 0: కొలవడం (రెండు వారాలు)

650 రూపాయలు పెట్టి యూఎస్‌బీ మీటర్ కొన్నా, చార్జర్‌కీ కేబుల్‌కీ మధ్యలో పెట్టే చిన్న డిస్‌ప్లే ఉంటుందే, అది. మొదటి వారం కొలతలన్నీ పారేశా. ఫోన్ 60 శాతం దగ్గర ఉందనుకోండి, మీటర్ చూపించేది ఆట తినే కరెంటు ఒక్కటే కాదు, బ్యాటరీలోకి ఎక్కేది కూడా కలిపి చూపిస్తుంది. అదే ఆట, అదే ఫోను, పొద్దున 900 మిల్లీయాంప్స్, సాయంత్రం 1400. పోనీ 100 శాతం చేసి కొలుద్దామంటే ఫోన్ మధ్యమధ్యలో చార్జింగ్ ఆపుతూ మొదలెడుతూ ఉంటుంది, అంకె ఒకచోట నిలవదు.

మీటర్ పక్కన పెట్టేసి ఫోన్లోని బ్యాటరీనే అడగడం మొదలుపెట్టా. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ మేనేజర్ ఆ క్షణంలో ఎంత కరెంటు పోతోందో చెప్తుంది, చిన్న ప్లగిన్ రాసి సెకనుకోసారి చదివించా. ఇక్కడ రెండు తప్పులు జరిగాయి. ఒకటి, ప్రతి సెకనూ ఫైల్లో రాయించా, ఆ రాయడమే కొలతని పెంచేసింది, ఇప్పుడు మెమరీలో పెట్టుకుని చివర్లో ఒక్కసారే రాస్తున్నా. రెండు, ఒక ఫోన్ కరెంటు పోతున్నప్పుడు మైనస్ అంకె ఇస్తే ఇంకోటి ప్లస్ ఇస్తుంది, ఒకటి మైక్రోయాంప్స్‌లో ఇస్తే ఇంకోటి మిల్లీయాంప్స్‌లో ఇస్తుంది. ఏ ఫోన్ ఏం ఇస్తోందో చూసుకోకుండా సగటు తీయొద్దు.

ఇప్పుడు నేను కొలిచే పద్ధతి:

1. చార్జర్ పీకేయాలి. బ్యాటరీ 80 నుంచి 60 శాతం మధ్యలో ఉన్నప్పుడే కొలవాలి.
2. ఏరోప్లేన్ మోడ్ ఆన్, ఆటో బ్రైట్‌నెస్ ఆఫ్, బ్రైట్‌నెస్ సగం.
3. మొదలుపెట్టే ముందు ఫోన్‌ని 15 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి.
4. 10 నిమిషాల చొప్పున మూడుసార్లు కొలిచి, మధ్యలో ఉన్న అంకె తీసుకోవాలి.
5. ఆట లేకుండా హోమ్ స్క్రీన్ మీద కూడా అలాగే కొలవాలి. అది లేకపోతే మిగతా అంకెలకి అర్థం లేదు.

మూడోది తేలిగ్గా తీసుకోకండి, ఫోన్ చల్లారడానికే అది. రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం 2 గంటలకి కొలిచిన అంకెకీ, రాత్రి 11కి కొలిచిన అంకెకీ 30 మిల్లీయాంప్స్ తేడా వచ్చింది. అప్పటికి ఏదో మార్పు పనిచేసిందనుకుని ముందుకెళ్ళిపోయా, నిజానికి తగ్గింది ఎండ. ఇప్పుడు అన్ని కొలతలూ రాత్రి 10 తర్వాతే.

లెక్క: పాత ఎల్‌సీడీ ఫోన్, హోమ్ స్క్రీన్ 148 మిల్లీయాంప్స్, ఆటలో ఎవరూ ఎత్తు వేయకుండా బోర్డు తెరిచి ఉంటే 412. ఏమీ జరగని బోర్డు అంత తింటోంది.

స్టేజ్ 1: ఏమీ మారనప్పుడు గీయకూడదు

పులి–మేకలో ఒక ఎత్తుకీ ఇంకో ఎత్తుకీ మధ్య మనిషి అర నిమిషం ఆలోచిస్తాడు. ఆ అర నిమిషంలో నా ఆట అదే బొమ్మని 1800 సార్లు గీస్తోంది.

మొదట చేసింది అందరూ చెప్పేదే, సెకనుకి 60 ఫ్రేములు ఉన్నది 30 చేశా. 412 నుంచి 358కి వచ్చింది. సంతోషమే గానీ సగం చేస్తే సగం తగ్గుతుందనుకున్నా, అలా ఏం లేదు.

తర్వాత గోడోలో లో ప్రాసెసర్ యూసేజ్ మోడ్ అని ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఏదైనా మారితేనే మళ్ళీ గీస్తుంది. ఆన్ చేశా. 355. అంటే ఏం కాలేదు. మూడు రోజులు వెతికా. కారణం వెనకాల ఉన్న రావిచెట్టు. రచ్చబండ మీద ఆట కాబట్టి వెనక రావిచెట్టు పెట్టా, ఆకులు గాలికి కదిలేలా షేడర్ (బొమ్మ ఎలా కనిపించాలో చెప్పే చిన్న ప్రోగ్రాం) రాశా. ఆ షేడర్‌లో టైమ్ అనే విలువ వాడితే చాలు, ఇంజిన్ దృష్టిలో స్క్రీన్ ఎప్పుడూ మారుతూనే ఉన్నట్టు, ప్రతి ఫ్రేమూ గీస్తుంది. అలాంటి షేడర్ ఒక్కటి ఉన్నా ఆ మోడ్ లేనట్టే.

ఆకులు పూర్తిగా తీసేయడానికి మనసొప్పలేదు, ఆ చెట్టు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్న చెట్టు చూసి గీసింది. చివరికి ఇలా చేశా: ఎవరైనా ఎత్తు వేసినప్పుడు రెండు సెకన్లు ఆకులు కదులుతాయి, తర్వాత ఆ మెటీరియల్ తీసేసి మామూలు బొమ్మ పెడుతుంది. నిజం చెప్పాలంటే ఇప్పుడే బావుంది, ఎత్తు వేసినప్పుడు గాలి తగిలినట్టు ఉంటుంది. 355 నుంచి 249.

ఇంకా రెండు దొంగలు దొరికాయి. ఒకటి "మీ వంతు 00:34" అని సెకన్లు లెక్కపెట్టే గడియారం, సెకనుకోసారి స్క్రీన్ గీయిస్తోంది. తీసేశా. తీసేశాక ఆలోచిస్తే అసలది ఎందుకు పెట్టానో నాకే తెలీదు, నెమ్మదిగా ఆడేవాళ్ళని కంగారుపెట్టడం తప్ప దాని వల్ల ఆటకి ఒరిగిందేం లేదు. రెండోది ఎవరూ రాయని విషయం: ఆ మోడ్‌లో గీయడం ఆగినా కోడ్ తిరగడం ఆగదు. ప్రతి చుట్టుకీ మధ్య విరామం డిఫాల్ట్‌గా 6900 మైక్రోసెకన్లు, అంటే ఫ్రేముల పరిమితి అడ్డుపడకపోతే సెకనుకి దాదాపు 145 సార్ల దాకా నా ప్రాసెస్ ఫంక్షన్ (ప్రతి చుట్టులో నడిచే కోడ్) ఊరికే నడవొచ్చు. దాన్ని 100000 చేశా, కరెంటు బాగా తగ్గింది కానీ వేలు పెట్టాక కాయ కదలడానికి టైమ్ పడుతోంది, మా ఆవిడ చేతికిస్తే "ఫోన్ హ్యాంగ్ అయిందేంటి" అంది. 33000 దగ్గర ఆపా. ఎవరికీ తేడా తెలియలేదు.

అప్పుడు కోడ్ కూడా మార్చా. ఇదివరకు బోర్డు, స్కోరు, బటన్లు ఎవరికి వాళ్ళు ప్రతి ఫ్రేమూ ఏమైనా మారిందా అని చూసుకునేవి. ఇప్పుడు ఆట నుంచి ఒకే సిగ్నల్ వస్తుంది, ఏ కాయ ఎక్కడ్నుంచి ఎక్కడికి వెళ్ళింది, ఏ మేక పోయింది అనే వివరంతో. అది వచ్చినప్పుడే అందరూ కదులుతారు. దీని విలువ అప్పుడు కరెంటు వరకే అనుకున్నా, స్టేజ్ 4లో గొంతు పెట్టేటప్పుడు తెలిసింది అసలు లాభం.

ఆఖర్న వెనకాల పిట్టల కూతల ఆడియో. చెవికి హాయిగా ఉంటుంది కానీ లూప్‌లో నడిచినంతసేపూ ఫోన్లో ఆడియో భాగం నిద్రపోదు. ఎత్తు వేసినప్పుడు మాత్రమే ఒక కూత ఉంచా.

లెక్క, అదే ఫోన్:
మొదట్లో 412
30 ఫ్రేములు 358
లో ప్రాసెసర్ మోడ్, షేడర్‌తో 355
షేడర్ రెండు సెకన్లే 249
గడియారం తీసేశాక 238
విరామం 33000 చేశాక 201
పిట్టలు తగ్గించాక 183
(హోమ్ స్క్రీన్ 148)

డార్క్ థీమ్ కూడా చేశా, చాలామంది అదే మొదట చేయమంటారు కదా. ఈ ఫోన్లో 183 కాస్తా 183గానే ఉంది. ఎల్‌సీడీకి వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు చూపించినా తెలుపు చూపించినా ఒకటే. ఓఎల్ఈడీ (నల్లగా ఉన్నచోట లైటే వెలగని స్క్రీన్) ఉన్న మా ఆవిడ ఫోన్లో మాత్రం 41 తగ్గింది. కాబట్టి డార్క్ థీమ్ పెట్టండి గానీ పాత ఫోన్లకి మేలు చేశామనుకోవద్దు.

ఈ తగ్గిన 229 మిల్లీయాంప్స్ అంటే ఎంత? 3.85 వోల్టుల లెక్కన 0.88 వాట్లు. వెయ్యిమంది రోజుకో గంట ఆడితే రోజుకి 0.88 యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే రోజుకి 600 గ్రాములు. ఇది చిన్న అంకె, పెద్దది చేసి చెప్పను. ఒక స్మార్ట్‌ఫోన్ వల్ల వచ్చే కాలుష్యంలో సింహభాగం అది మన చేతికి రాకముందే, తయారీలోనే అయిపోతుంది. అందుకే కరెంటు ఆదా కంటే పాత ఫోన్ ఇంకో రెండేళ్ళు పనికొచ్చేలా చూడడమే పెద్ద పని అని నాకు అర్థమైంది, స్టేజ్ 2 అందుకే.

స్టేజ్ 2: 2 జీబీ ఫోను, ఒత్తులు

బావమరిది దగ్గర మూలన పడున్న ఫోన్ తెచ్చా. ఇన్‌స్టాల్ కూడా కాలేదు. చిప్ 64 బిట్ అని స్పెసిఫికేషన్లో ఉంది, నేను 64 బిట్ బిల్డే (ఆట తయారైన కాపీ) ఇచ్చా. తీరా చూస్తే చిప్ 64 బిట్టే కానీ దాని మీద కంపెనీ వేసిన ఆండ్రాయిడ్ 32 బిట్. తక్కువ ధర ఫోన్లలో ఇది మామూలే. 32 బిట్ బిల్డ్ కూడా ఇవ్వండి, పాతదని వదిలేయకండి.

ఇన్‌స్టాల్ అయ్యాక నల్ల స్క్రీను. గోడోలో మొబైల్ రెండరర్ (బొమ్మలు గీసే భాగం) వల్కన్ (గ్రాఫిక్స్ చిప్‌తో గీయించే కొత్త పద్ధతి) అడుగుతుంది, ఆ ఫోన్లో వల్కన్ సరిగ్గా లేదు. కంపాటిబిలిటీ రెండరర్‌కి మార్చా, అది ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3 అనే పాత పద్ధతి మీద నడుస్తుంది. 23 చుక్కలూ 18 కాయలూ ఉన్న ఆటకి వల్కన్ ఎందుకు అసలు. ఆట తెరుచుకుంది.

ఇక సైజు. మొదట ఏపీకే (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) 71 ఎంబీ.

1. 32 బిట్‌కీ 64 బిట్‌కీ విడివిడి ఏపీకేలు: 44
2. వేవ్ ఆడియో తీసేసి ఓజీజీ, అదీ మోనో: 38
3. 2048 పిక్సెళ్ళ బొమ్మలు 1024 వెబ్‌పీ: 31
4. ఇంజిన్ సోర్స్ తెచ్చుకుని 3డీ భాగం లేకుండా, సైజు తగ్గేలా మళ్ళీ కంపైల్ చేయడం: 22

ఇక్కడ ఆగాల్సింది. కంపైల్ ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ సర్వర్ అని కనిపించింది, అది కూడా తీసేస్తే 17కి వచ్చింది. మొదటి స్క్రీన్ మీద "పులి మేక" "ఆడు" "ఆపు" అని ఉంటాయి, పైపైన చూస్తే అన్నీ బానే ఉన్నట్టు కనిపించాయి, పంపేశా. రెండు రోజులకి మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "నాయనా, ఒత్తులు ఏమైపోయాయి? మళ్ళీ ఆడండి అన్నచోట ళకి ఒత్తు కింద లేదు, పక్కన వచ్చి కూర్చుంది." చూస్తే నిజమే, "మళ్‌ళీ" అని విడిపోయి, గుడిదీర్ఘం అక్షరానికి అతుక్కోకుండా వేలాడుతోంది. తెలుగు అక్షరాలని కలిపి చూపించే పని అంతా ఆ టెక్స్ట్ సర్వర్‌దే, హార్ఫ్‌బజ్ లైబ్రరీ దాంట్లోనే ఉంటుంది. ఇంగ్లీషు ఆటకి అది లేకపోయినా నడుస్తుంది, మనకి నడవదు. 5 ఎంబీ తిరిగి పెట్టేశా. సైజు తగ్గించడానికి ఏం తీసేయాలో చెప్పే గైడ్లు చాలావరకు ఇంగ్లీషు ఒక్కటే దృష్టిలో పెట్టుకుని రాసినవి, "లక్ష్మి", "స్త్రీ", "మళ్ళీ" అని మూడు మాటలు మొదటి స్క్రీన్ మీదే పెట్టుకుని టెస్ట్ చేయండి.

ప్రకటనలు చూపించే కోడ్ (ఎస్‌డీకే) కూడా తీసేశా, ఇంటర్నెట్ పర్మిషనే లేదు ఇప్పుడు. డబ్బులు ఎలా అంటే దానికి వేరే దారి చూసుకోవాలి, ఇంకా దొరకలేదు.

లెక్క: 22 ఎంబీ, 2 జీబీ ఫోన్లో తెరుచుకోడానికి 6 సెకన్లు, నా గంటలు ఇప్పటికి 118.

స్టేజ్ 3: రంగులు

ఇది ఒక్క సాయంత్రం పని. పులులు ఎరుపు, మేకలు ఆకుపచ్చ పెట్టా. ఫోన్ ఇచ్చిన బావమరిదే ఆడుతూ "బావా, ఇందులో ఏది పులి?" అన్నాడు. వాడికి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని పెళ్ళై ఎనిమిదేళ్ళైనా నాకు తెలీదు. పులిని చారలున్న త్రికోణం చేశా, మేకని గుండ్రం. అంచుకీ బోర్డు రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 3కి 1, అక్షరాలకి 4.5కి 1. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో సిమ్యులేట్ కలర్ స్పేస్ అని ఉంది, అందులో నలుపు తెలుపు పెట్టి ఒక ఆట పూర్తిగా ఆడి చూడండి, ఎక్కడైనా తడబడితే అక్కడ రంగు మీదే ఆధారపడినట్టు.

స్టేజ్ 4: గొంతు (ఏడు వారాలు)

2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో 60కి పైగా యాక్సెసిబిలిటీ ఆప్షన్లు ఉన్నాయి. అంత పెద్ద ఆటనే చూపు లేనివాళ్ళు ఆడేలా చేశారంటే కదలకుండా కూర్చునే పులి–మేక ఎందుకు కాదు.

ముందు డబ్బుల సంగతి. మొదట్లో చెప్పిన చూపు లేని అన్నే ఆట ఆడి తప్పులు చెప్తున్నారు, ఆయనకి గంటకి 500 ఇస్తున్నా. ఆయన వద్దన్నారు, నేనే పట్టుబట్టా. కోడ్ రాసేవాడి టైమ్‌కి విలువ ఉన్నప్పుడు తప్పులు పట్టేవాళ్ళ టైమ్‌కీ ఉంటుంది, "మీకోసమే కదా చేస్తున్నాం" అని ఉచితంగా పని చేయించుకోవడం నాకు నచ్చదు.

మొదటి రోజు ఫోన్లో టాక్‌బ్యాక్ (స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివే ఆండ్రాయిడ్ సదుపాయం) ఆన్‌లో ఉంది, ఆట తెరిస్తే ఏమీ చదవలేదు. నేను వాడే వెర్షన్లో ఆండ్రాయిడ్ మీద ఆట అంతా టాక్‌బ్యాక్‌కి ఒకే పెద్ద గాజు పలకలా కనిపిస్తుంది, లోపల చుక్కలున్నాయని దానికి తెలీదు. పైగా వేలి కదలికలన్నీ అదే తీసేసుకుంటుంది. అందుకని ఆటకే సొంత గొంతు పెట్టా, గోడోలో రాసింది పైకి చదివే టీటీఎస్ స్పీక్ అనే ఫంక్షన్ ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆడియో కింద టెక్స్ట్ టు స్పీచ్ విడిగా ఆన్ చేయాలి, నేను చేయలేదు, ఎర్రర్ కూడా సరిగ్గా గమనించలేదు, మూడు గంటలు పోయాయి. ఆట మొదట తెరవగానే "రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి నొక్కి పట్టుకోండి, టాక్‌బ్యాక్ ఆగుతుంది, ఆట తనే మాట్లాడుతుంది" అని చెప్తుంది.

స్టేజ్ 1లో చెప్పిన సిగ్నల్ ఇక్కడ అక్కరకొచ్చింది. ఏ కాయ ఎక్కడికి వెళ్ళిందో ఆ సిగ్నల్‌లోనే ఉంది కాబట్టి బోర్డు గీసే చోటే గొంతుని కూడా తగిలించా, 40 లైన్లలో అయిపోయింది. పాత కోడ్ ఉండుంటే గొంతు ప్రతి ఫ్రేమూ ఏం మారిందో వెతుక్కోవాల్సి వచ్చేది.

కష్టం కోడ్ కాదు, పేర్లు. బోర్డు ఇలా ఉంటుంది: పైన ఒక మొన, అక్కడ్నుంచి కిందికి నాలుగు గీతలు విచ్చుకుంటాయి, వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి, అడ్డగీతలు అటూ ఇటూ కాస్త బయటికి వస్తాయి. ఒక్కో అడ్డగీత మీద ఆరు చుక్కలు, అట్టడుగున నాలుగు. 1, 6, 6, 6, 4, మొత్తం 23.

మొదటి ప్రయత్నం: 1 నుంచి 23 అంకెలు. అన్న రెండు నిమిషాలు తడిమి "పదిహేడు పైన ఏదుంటుంది?" అన్నారు. నేను బోర్డు చూసి చెప్పాల్సొచ్చింది. చూస్తున్న నాకే గుర్తులేని అంకె ఆయనకెందుకు. నేనడిగిన చుక్క దొరకడానికి సగటున 41 సెకన్లు.

రెండో ప్రయత్నం: "పైనుంచి రెండో అడ్డగీత మీద ఎడమ నుంచి మూడో చుక్క, ఇక్కడ మేక ఉంది." అర్థమవుతుంది కానీ ఒక్కో వాక్యం 5 సెకన్లు. పైగా నేను మాటల్ని వరసలో పెట్టా, వేలు 14 చుక్కల మీదుగా జరిగితే వేలు తీశాక కూడా నిమిషం పైన మాట్లాడుతూనే ఉంది. ఇంటరప్ట్ ఆన్ చేస్తే కొత్త మాట రాగానే పాతది ఆగుతుంది, ఇది మొదటి రోజే చేయాల్సింది.

మూడో వారం అన్న అడిగారు, "తమ్ముడూ, అసలు బోర్డు ఎలా ఉంటుందో నా చేతికియ్యి." ఒక అట్ట మీద ఫెవికాల్‌తో పురికొస అతికించి గీతలు చేశా, చుక్కల దగ్గర ముడి వేశా, మేకలకి చింతపిక్కలు, పులులకి గులకరాళ్ళు. రాత్రంతా ఆరబెట్టి తీసుకెళ్ళా. ఆయన రెండు అరచేతులూ అట్ట మీద పెట్టి ముందు అంచులు చూశారు, తర్వాత మొన దగ్గర బొటనవేలు ఉంచి మిగతా నాలుగు వేళ్ళూ నాలుగు గీతల మీద కిందికి లాగారు. అలా మూడుసార్లు. "ఇది కొండ. వేళ్ళు దిగేవి దారులు. ఇది పై, ఇది నడి, ఇది దిగువ, ఇది నేల." అంతే, పది నిమిషాలు పట్టింది. నేను మూడు వారాలుగా చేయలేనిది.

ఆ పేర్లతో "నడి మూడు, మేక" అంటే 1.3 సెకన్లు. కానీ ఇంకో మెలిక వచ్చింది. నేలలో నాలుగే చుక్కలు కదా, ఒకటి నుంచి నాలుగు అని పెట్టా. దిగువ రెండు నుంచి అదే గీత మీద కిందికి వెళ్తే నేల ఒకటి వస్తోంది, అన్న ప్రతిసారీ అక్కడే తప్పిపోయారు. నేలకి రెండు, మూడు, నాలుగు, ఐదు అని పేర్లు మార్చా. ఇప్పుడు పై మూడు, నడి మూడు, దిగువ మూడు, నేల మూడు అన్నీ కొండ నుంచి దిగే ఒకే దారి. ఒకటీ ఆరూ బయటి అంచులు, అవి నేలదాకా రావు. చుక్క దొరకడానికి 41 సెకన్లు పట్టేది 7కి వచ్చింది.

చిన్న చిన్నవి:

1. అంకెలు అంకెల్లో పంపొద్దు. కొన్ని ఫోన్ల గొంతు 4ని "ఫోర్" అంటుంది. "నాలుగు" అని అక్షరాల్లో పంపండి.
2. వేగం మార్చుకునే వీలు ఇవ్వండి. అన్న వినే వేగంలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయనకి అదే మామూలు.
3. తెలుగు గొంతు లేని ఫోన్లు ఉన్నాయి. పేర్లూ అంకెలూ ఫలితాలూ కలిపి 60 ముక్కలు ఒక స్నేహితురాలి గొంతుతో రికార్డ్ చేయించి పెట్టా, 1.1 ఎంబీ.
4. వేలు ఎత్తితే ఎంచుకున్నట్టు మొదట పెట్టా. తడిమి వేలు తీసిన ప్రతిసారీ ఎత్తు పడిపోయింది. స్క్రీన్ మీద ఎక్కడైనా రెండుసార్లు తడితే ఖాయం అయ్యేలా మార్చా.

లెక్క: 23.1 ఎంబీ, గొంతు మాట్లాడుతూ ఆడినప్పుడు 214 మిల్లీయాంప్స్, గొంతు ఉంటే స్క్రీన్ నల్లగా ఉంచొచ్చని అన్న చెప్పాక ఆ ఆప్షన్ పెట్టా, బ్రైట్‌నెస్ అట్టడుగుకి దించితే 139. హోమ్ స్క్రీన్ కంటే తక్కువ. ఖర్చు 650 మీటర్‌కి, 7500 అన్నకి, అట్టకీ పురికొసకీ 60.

స్టేజ్ 5: వణికే చేతులు

స్టేజ్ 4 చివర్లో చెప్పిన నాలుగో మార్పు, అంటే రెండుసార్లు తట్టడం, అన్నకి బావుంది, మాస్టారికి ఆట ఆగిపోయింది. ఆయనకి చేతులు వణుకుతాయి. రెండు తట్ల మధ్య 300 మిల్లీసెకన్లు అని నేను పెట్టిన గడువులో ఆయన రెండోసారి తట్టలేరు, ఒక్కోసారి ఒక్క తాకిడే వణుకు వల్ల మూడు తట్లుగా నమోదైంది. "నాది పులి కాదు నాయనా, పులి మీద కూర్చున్న ఈగ, ఎటు పోతుందో నాకే తెలీదు" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఒకరి కోసం చేసిన మార్పే ఇంకొకరిని బయటికి తోసేసింది.

గడువు 900కి పెంచా, ఆయనకి పర్లేదు, అన్నకి నెమ్మదైపోయింది. రెండిటికీ ఒకే అంకె కుదరదని అర్థమయ్యాక ఇలా చేశా:

1. స్క్రీన్ అడుగున అడ్డంగా మొత్తం "ఖాయం" బటన్, నిలువు 72 డీపీ (స్క్రీన్ మీద సైజులకి ఆండ్రాయిడ్ వాడే కొలత). ఆండ్రాయిడ్ సలహా కనీసం 48, మాస్టారికి 48 చాల్లేదు.
2. ఒక తాకిడి తర్వాత 250 మిల్లీసెకన్ల వరకు వచ్చేవి వదిలేసే ఆప్షన్. ఇది ఆన్ చేస్తే రెండు తట్ల పద్ధతి దానంతటదే ఆఫ్ అవుతుంది.
3. వేలు చుక్క మీద లేకపోయినా దగ్గర్లో ఉన్న, వెళ్ళడానికి వీలున్న చుక్కకే అతుక్కోవడం.
4. ఖాయం కాకముందు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, గడియారం లేదు కాబట్టి ఎవరూ తరమరు.

మాస్టారు 20 ఎత్తుల్లో తప్పుగా పడినవి: ముందు 11, తర్వాత 1. ఆ ఒక్కటి కూడా ఖాయం బటన్ బదులు ఫోన్ బ్యాక్ బటన్ తగిలింది. బ్యాక్ నొక్కితే ఆట మూసుకోకుండా "ఆపేద్దామా?" అని అడిగేలా మార్చా.

స్టేజ్ 6: ఒకే ఫోన్, ఇద్దరు (ఇంకా తేలలేదు)

అన్నా, మాస్టారూ ఒకే ఫోన్ మీద ఆడారు పోయిన ఆదివారం. అన్న పులులు, మాస్టారు మేకలు. బానే సాగుతోంది, అన్న నాలుగు మేకలు కొట్టారు, ఆ తర్వాత ఒక్కటీ పడలేదు. మాస్టారు ప్రతిసారీ సరిగ్గా పులి దూకబోయే చోటే అడ్డం పెడుతున్నారు. ఆయన కావాలని చేయలేదు, ఆయన చెవిలో పడుతోంది అంతే. అన్న ఫోన్ పక్కన పెట్టి "నేను ఎక్కడెక్కడ తడుముతున్నానో ఆయనకి వినపడిపోతోంది తమ్ముడూ, నా ఆలోచన అంతా పైకే చదువుతోంది నీ ఆట" అన్నారు. చూపున్నవాడు కళ్ళతో వెతికితే ఎదుటివాడికి తెలీదు కదా. ఇది నాకు ఏడు వారాల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇప్పటికి చేసి చూసినవి:

1. ఒక చెవికి ఇయర్‌ఫోన్. పాత ఫోన్లో జాక్ ఉంది, పనిచేసింది. కానీ అప్పుడు వేసిన ఎత్తు కూడా ఇయర్‌ఫోన్లోకే వెళ్ళిపోతోంది, మాస్టారికి చూపు కాస్త మందం, ఆయనకీ వినపడాలి.
2. బ్లూటూత్. వేలు చుక్క దాటిపోయాక దాని పేరు వినిపిస్తోంది. వదిలేశా.
3. తడిమేటప్పుడు గొంతు లేకుండా వైబ్రేషన్: ఖాళీకి ఏమీ లేదు, మేకకి ఒకటి, పులికి రెండు. 20 మిల్లీసెకన్లు పెడితే 2 జీబీ ఫోన్ మోటారు కదలనే లేదు, 60 చేస్తే కదిలింది, రెండిటి మధ్య 120 విరామం ఇస్తే విడివిడిగా తెలుస్తోంది. ఏ కాయో తెలుస్తుంది, ఏ చుక్కో తెలియట్లేదు.

మూడోదానికి తోడు ఫోన్ మీద పురికొస బోర్డు పెట్టి చూడమన్నారు అన్న, అంటే స్క్రీన్‌కి సరిపోయేంత పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద గీతలు ఉబ్బెత్తుగా ఉంటే చుక్క వేలికే తెలుస్తుంది, గొంతుతో పనిలేదు. నిన్న పుస్తకాలకి వేసే అట్టల ప్లాస్టిక్ షీటు మీద ఫాబ్రిక్ పెయింట్ కోన్‌తో గీతలు గీశా. షీటు మీద నుంచి టచ్ పనిచేస్తోంది, గీతల మీద మాత్రం రెండు చోట్ల తప్పుతోంది, నడి నాలుగు దగ్గరా దిగువ ఐదు దగ్గరా, అక్కడ పెయింట్ మందంగా పడింది. ఈ రాత్రి పల్చగా ఇంకోటి గీస్తున్నా, ఆరడానికి ఒక రోజు, అన్న దగ్గరికి గురువారం.

లెక్క: 164 గంటలు, 23.4 ఎంబీ, మాస్టారి గంటలతో కలిపి ఖర్చు 11,290 రూపాయలు.